ఆసుకు ప్రాణం ఉన్నట్టు ధ్రువపత్రం

గత ఏడాది మా కార్యాలయం రికార్డుల ప్రకారం చనిపోయిన మాటలు నూట పద్నాలుగు. అందులో ఎనభై ఆరు రెండక్షరాలవి. రెండక్షరాల విభాగంలో సీనియర్ అసిస్టెంటుని నేనే కాబట్టి ఆ ఎనభై ఆరింటి మరణ పత్రాలూ నా చేతి మీదుగానే వెళ్ళాయి. ఒక్కదానికీ నేను కన్నీరు పెట్టలేదు. బతికున్నప్పుడు వాటిలో చాలావాటితో నాకు పరిచయమే లేదు.

మాది రాష్ట్ర పదక్రీడా ప్రాధికార సంస్థ. గళ్ళబల్ల మీద అక్షరాల బిళ్ళలు పేర్చి మాటలు కట్టే ఆట ఒకటుంది కదా, అది మా అధీనంలో ఉంటుంది. ఆ ఆట ఆడితే భాష బతుకుతుందని ఒకరోజు పైవాళ్ళకు తోచింది. తోచిన మర్నాటి నుంచి ప్రతి ప్రభుత్వ కార్యాలయంలో మధ్యాహ్నం అరగంట మాటల ఆట తప్పనిసరి అయింది. రాష్ట్ర పోటీ గెలిచినవాళ్ళకు క్రీడల కోటాలో జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం అన్నారు. నన్ను పశువుల శాఖ నుంచి డిప్యుటేషన్ మీద తెచ్చారు. గొడ్ల చెవులకు నంబర్లు వేసిన అనుభవం మాటలకు నంబర్లు వేయడానికి పనికొస్తుందని ఫైలులో రాశారు.

ఈ ఆటలో గెలిపించేవి పెద్ద మాటలు కావు. చివరికొచ్చేసరికి బల్ల మీద చోటుండదు, చేతిలో రెండు మూడు బిళ్ళలు మిగులుతాయి. అప్పుడు ఆదుకునేవి పొట్టి మాటలు. అందుకని ఆటగాళ్ళు నిఘంటువులన్నీ గాలించి జాబితాలు బట్టీ పట్టారు. ఖ అంటే ఆకాశం. వి అంటే పక్షి. అంచ అంటే హంస. రిక్క అంటే నక్షత్రం. నొగ అంటే ఎడ్లబండికి ముందు పొడుగ్గా ఉండే దుంగ. అర్థం అడిగితే గడగడా చెబుతారు. ఎప్పుడైనా వాడారా అంటే నీళ్ళు నములుతారు.

ఒక జిల్లా పోటీలో ఎవరో ‘ఖ’ పెట్టి గెలిచారు. ఓడిపోయినాయన ఒక పెద్ద అధికారి అల్లుడు. ‘‘ఆకాశాన్ని ఖ అని ఎవరంటారండీ?’’ అని అడిగాడు. నోటితో అడిగి ఊరుకుంటే ఎవరో ఒకరు సర్దిచెప్పేవారు. ఆయన కాగితం మీద రాసిచ్చాడు. కాగితం మీద వచ్చిన ప్రశ్నకు మేము జవాబు ఇవ్వం, నిబంధన తయారుచేస్తాం.

ఆ నిబంధన రాసింది మా ఛైర్మన్ వామనమూర్తి గారు. పింఛను తీసుకునేవాళ్ళు ఏటా నవంబరులో తాము బతికే ఉన్నామని కాగితం ఇచ్చుకోవాలి. ఆయన సర్వీసంతా ఆ కాగితాలు పుచ్చుకునే సీటులోనే గడిచింది. మనుషులకు లేని మినహాయింపు మాటలకెందుకు అని ఆయన వాదన. నిబంధన ఇది:

‘‘జాబితాలోని ప్రతి పదమునకు ఏటా సజీవ ధ్రువపత్రము ఉండవలెను. క్రీడాకారులు కాని వ్యక్తి, ఎవరూ అడగకుండా, ఎవరూ సూచించకుండా, తన పనిలో భాగముగా సదరు పదమును గెజిటెడ్ అధికారి చెవిన పడునట్లు పలికినచో సదరు పదము సజీవముగా ఉన్నట్లు భావించబడును. అట్లు కానిచో మరణించినట్లు భావించబడును.’’

ఆ విధంగా మా డిప్యూటీ డైరెక్టర్ పరాంకుశం గారి చెవులు రాష్ట్రంలోకెల్లా విలువైన చెవులైపోయాయి. మా సంస్థలో గెజిటెడ్ అధికారి ఆయనొక్కరే. మాటలు వినడానికి ఆయన, విన్నట్టు రాయడానికి నేను, ఇద్దరం జీపులో ఊళ్ళు తిరిగాం.

నొగ కోసం ఎడ్లబండి ఉన్న ఆసామిని వెతికి పట్టుకుని మూడు రోజులు అతని వెనకాలే నడిచాం. మూడో రోజు బండి గుంటలో పడి నొగ విరిగింది. పరాంకుశం గారు చెవి రిక్కించారు. ఆసామి తలపట్టుకుని, ‘‘కర్ర ఇరిగింది సార్, ఇంకేముంది’’ అన్నాడు. నొగ చనిపోయింది. అంచ కోసం జంతుప్రదర్శనశాలలో హంసల మడుగు దగ్గర కూర్చున్నాం. వాటికి మేత వేసేవాడు వాటిని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బాతులనే పిలిచాడు. అంచ చనిపోయింది. పోతూ పోతూ హంసను కూడా ప్రమాదంలో పెట్టింది.

తొన మాత్రం బతికింది. ఒక ఆదివారం పరాంకుశం గారు కమలాపండు ఒలుచుకుని తింటుంటే వాళ్ళావిడ, ‘‘ఒక్క తొన కూడా ఉంచకుండా మింగారే’’ అన్నారట. ఆవిడ క్రీడాకారిణి కాదు, ఎవరూ అడగలేదు, విన్నది గెజిటెడ్ అధికారి. ఇంటి పని కూడా పనే అని ఛైర్మన్ గారు ఒప్పుకున్నారు. సోమవారం పొద్దున్నే తొనకు ధ్రువపత్రం వచ్చింది.

ఇదంతా సాఫీగా సాగుతుండగా రాష్ట్ర పోటీ ఫైనల్లో చిలువేరు నర్మద వచ్చింది.

నల్గొండ వైపు ఒక నేతగాళ్ళ ఊరు ఆ అమ్మాయిది. డిగ్రీ చదివి ఊళ్ళో జిరాక్స్ షాపులో పనిచేస్తుంది. ఉద్యోగాల వయోపరిమితి దాటడానికి ఇంకా ఇరవై మూడు రోజులున్నాయి. ఫైనల్లో చివరి ఎత్తుకు ఆమె చేతిలో రెండు బిళ్ళలు మిగిలాయి. బల్ల మూలన రెండే గళ్ళు ఖాళీ. ఆమె తడుముకోకుండా ‘ఆసు’ అని పెట్టింది. గెలిచింది.

ఎదుటి ఆటగాడు అభ్యంతరం చెప్పాడు. జాబితా తెరిచారు. ఆసు: నేతపనిలో నూలును కొలతకు పేర్చే మేకుల చట్రం. సజీవ ధ్రువపత్రం: అందలేదు. ఫలితాన్ని నిలిపేశారు. కప్పు బీరువాలో పెట్టి తాళం నాకిచ్చారు.

మర్నాడు నర్మద మా కార్యాలయానికి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో డిగ్రీ సర్టిఫికెట్లు. ఛైర్మన్ గారి ముందు నిలబడింది.

‘‘సార్, ఆసు మాట సచ్చిపోయిందంటున్నరు. మా ఇంట్ల దినాం పొద్దుగాల లేస్తే అదే మాట. మా చిన్నమ్మ అండాలమ్మ ముప్పై ఏండ్ల సంది ఆసు పోస్తున్నది. మా చిన్నాయన మగ్గం మీద నేసేదంత ఆమె చేతి నూలే.’’

‘‘మీరు క్రీడాకారిణి. సదరు పదము విషయమై మీరు ఎన్నిసార్లు పలికినను పరిగణనలోనికి రాదు’’ అన్నారు ఛైర్మన్ గారు.

‘‘నేను చెప్పుడు కాదు సార్. మీరొచ్చి సూడుండ్రి.’’

‘‘మేము చూచుటకు రాము. వినుటకు వచ్చెదము.’’

బయటికొచ్చాక ఆమె నా బల్ల దగ్గర ఆగింది. నేను అడగకుండానే చెప్పింది. చిన్నమ్మ కుడి భుజం మూడేళ్ళుగా పట్టేసింది. ఆసు పోయడమంటే ఒక చీరకు వేలసార్లు ఆ చెయ్యి నూలుతో కిందికీ పైకీ తిరగాలి. ఇప్పుడు ఆమె తన జుట్టు తానే ముడేసుకోలేదు, నర్మదే వేస్తుంది. వీధిలో మిగతా ఇళ్ళన్నిట్లో ఆసుకు బదులు కరెంటు మిషన్లు వచ్చేశాయి. వీళ్ళింట్లోనే రాలేదు.

‘‘కొలువొస్తే మొదటి జీతంల మిషన్ తెస్త సార్. చిన్నమ్మను ఆ పీట మీదికెళ్ళి లేపుత. అమ్మ పోయిన కాడ్నుంచి నన్ను సాదింది ఆమెనే’’ అంది. పశువుల శాఖలో ఉన్నప్పుడు నాకు ఇలాంటి మాటలు వినే అలవాటు లేదు. కప్పు బీరువా తాళం మరోసారి సరిచూసుకున్నాను.

తనిఖీ రోజు పదిన్నరకు ఆ ఇంటి ముందు జీపు దిగాం. పరాంకుశం గారు గుమ్మంలోనే నిబంధన చదివి వినిపించారు. ఇంట్లోవాళ్ళెవరూ ఏ మాటనూ గుర్తుచేయకూడదు, సైగ చేయకూడదు, నర్మద వీధి చివర ఉండాలి. ఇరుగుపొరుగు గోడల మీద నుంచి చూస్తున్నారు. నేను పుస్తకం తెరిచి సమయం వేశాను.

ఆసు అక్కడే ఉంది. అర్ధచంద్రంగా వంచిన చెక్కకు మేకులు, వాటి మీద సగం దాకా చుట్టిన తెల్లటి నూలు. దాని ముందు పీట. అయితే పీట మీద అండాలమ్మ లేదు. ఆఫీసర్లు ఇంటికొస్తే కూర్చుని పనిచేసుకోవడం మర్యాద కాదని ఆమె పని ఆపేసి, కొత్త చీర కట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడింది.

‘‘కూసోండ్రి సార్. చాయ తాగుండ్రి.’’

‘‘మీ పని మీరు చేసుకోండమ్మా’’ అన్నారు పరాంకుశం గారు.

‘‘మీరొచ్చినంక ఏం పని సార్.’’

చాయ వచ్చింది. పదకొండు దాటింది. పరాంకుశం గారు ఊరి సంగతులు మాట్లాడారు. అండాలమ్మ వానల సంగతి చెప్పింది, బస్సు రాకపోవడం గురించి చెప్పింది, పక్కింటి బర్రె ఈనిందని చెప్పింది. ఆ చట్రం గురించి మాత్రం ఒక్క ముక్క అనలేదు. మధ్యలో ఒకసారి దానివైపు చూసి, ‘‘ఇది రేపటిదాంక ఆగినా ఏం కాదు సార్’’ అంది. ‘ఇది’ అన్నది మా జాబితాలో వేరే నంబరు.

పక్కింటావిడ ఆత్రం పట్టలేక గోడ మీద నుంచి, ‘‘వదినె, నువ్వు పోసేదాని పేరేందో చెప్పరాదు’’ అని అరిచింది. పరాంకుశం గారు వెంటనే లేచి, సూచన జరిగినందున మరో గంటదాకా పలికిన ఏ మాటా చెల్లదని ప్రకటించారు. ఆ గంటలో చెల్లకుండా పోవడానికైనా ఆ మాట రాలేదు. ఒంటిగంటకు మాకు అన్నం పెట్టారు. వీధి చివర నర్మద ఎండలో అలాగే నిలబడి ఉంది. ఆమెకు నీళ్ళు పంపితే అది సైగ కిందికి వస్తుందా అని నేను అడిగాను. వస్తుందన్నారు.

మూడున్నర దాటింది. భోజనం బరువుకు పరాంకుశం గారి కళ్ళు మూతలు పడుతున్నాయి. నిద్ర పోగొట్టుకుందామని లేచి అటూ ఇటూ నడిచారు. బూటు కాలు వెళ్ళి సరిగ్గా నూలు మధ్యలో పడబోయింది.

‘‘ఏయ్, కండ్లు కనబడ్తలేవా? ఆసు మీద కాలు పెడ్తున్నవు, జరుగు అవతలికి’’ అంది అండాలమ్మ.

ఇంట్లో అందరూ బిగుసుకుపోయారు. అండాలమ్మ నాలుక కరుచుకుంది. ‘‘తప్పయింది సార్, పొద్దటి సంది చుట్టిన నూలు చిక్కువడ్తదని అన్న’’ అంటూ చేతులు జోడించబోయింది. కుడిచెయ్యి సగం దాకానే లేచింది.

పరాంకుశం గారిలా ఇంత ఆనందంగా తిట్టు తిన్న మనిషిని నేను చూడలేదు. ‘‘సమయం రాసుకోండి. మూడూ నలభై రెండు. సదరు పదము తన పనిలో భాగముగా, ఎవరూ అడగకుండా, నా చెవిన పడినది’’ అన్నారు. గోడల మీద జనం చప్పట్లు కొట్టారు. వీధి చివర నుంచి నర్మద పరుగెత్తుకొచ్చింది. చిన్నమ్మకు సంగతి చెప్పి నవ్వింది, ఏడ్చింది. అండాలమ్మకు తాను ఏం చేసిందో అర్థం కావడానికి చాలాసేపు పట్టింది.

వయోపరిమితికి ఒక్కరోజు ముందు నియామక పత్రం తయారైంది. నర్మద చిన్నమ్మను కూడా వెంటబెట్టుకుని వచ్చింది. ఛైర్మన్ గారు కప్పు అందించారు, ఫొటో తీశారు. తర్వాత పత్రంలోని షరతులు చదవమని నాకు చెప్పారు. నేనే టైపు చేశాను కాబట్టి ఏం రాబోతుందో నాకు తెలుసు. అయినా చదివాను.

‘‘సదరు పదము ప్రస్తుతము శ్రీమతి అండాలమ్మ అను ఒక్క వ్యక్తి పనిపై ఆధారపడి జీవించుచున్నది. కావున, అభ్యర్థిని ప్రొబేషను పూర్తగు రెండేళ్ళపాటు సదరు అండాలమ్మ సదరు పనిని చేతితోనే కొనసాగించవలెను. ఆమె మానినచో పదము మరణించినట్లును, పదము మరణించినచో విజయము చెల్లనట్లును, విజయము చెల్లనిచో నియామకము రద్దయినట్లును భావించబడును.’’

గదిలో ఫ్యాను తిరుగుతోంది. నర్మద పత్రం తీసుకుని ఆ పేరా తానే మళ్ళీ చదువుకుంది.

‘‘సార్, ఆమె చెయ్యి లేస్తలేదనే కదా నేను ఈ కొలువు కోసం ఆడింది’’ అంది.

‘‘ఆ విషయము ఈ దస్త్రములో లేదు’’ అన్నారు ఛైర్మన్ గారు. కోపంగా అనలేదు. నిజంగానే లేదు.

‘‘మిషన్ తెచ్చుకుంటే?’’

‘‘మిషను ఉన్న ఇండ్లలో ఏమందురు?’’

నర్మద పత్రాన్ని బల్ల మీద పెట్టింది. మిషన్ ఉన్న ఇళ్ళలో ‘మిషన్ ఏసినవా’ అంటారు. పరాంకుశం గారు ఆ వీధిలో అది కూడా విని రాసుకొచ్చారు.

అండాలమ్మ నెమ్మదిగా, ‘‘రెండేండ్లే కద బిడ్డా. ముప్పై ఏండ్లు పోసిన, ఇంక రెండేండ్లు పొయ్యనా? సంతకం పెట్టు’’ అంది. నర్మద పెట్టింది. ఆ సంతకం కింద నేను ముద్ర వేశాను. ఇన్నేళ్ళ సర్వీసులో నేను సిగ్గుపడిన ముద్ర అదొక్కటే.

నర్మదకు నా పక్క సీటే ఇచ్చారు. పని తొందరగా నేర్చుకుంది. సోమవారం పొద్దున ఊరి బస్సు దిగి వచ్చేది, శనివారం సాయంత్రం వెళ్ళేది. ఆదివారమంతా చిన్నమ్మను లేపి తానే పీట మీద కూర్చునేదట. ఐదో నెలలో డాక్టరు అండాలమ్మను ఇక ఆ చెయ్యి కదపవద్దన్నాడు. అప్పుడు నర్మద ఒక అర్జీ పెట్టింది. చిన్నమ్మకు బదులుగా తాను సెలవు దినాల్లో ఆసు పోస్తుందనీ, దాన్నే పని కింద పరిగణించమనీ కోరింది. ఉద్యోగులు వేరే వృత్తి చేయరాదని నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. అంత తొందరగా మా కార్యాలయం నుంచి ఏ అర్జీకీ జవాబు వెళ్ళినట్టు నాకు గుర్తులేదు.

ఒక సాయంత్రం అందరూ వెళ్ళాక నేను గొంతు తగ్గించి చెప్పాను.

‘‘నవంబరు తనిఖీ కాగితం రాసేది నేనేనమ్మా. అండాలమ్మ గారు పనిలోనే ఉన్నారని రాసేస్తాను. పరాంకుశం గారు చూడకుండానే సంతకం పెడతారు.’’

ఆ మాట నా నోటి నుంచి వచ్చినందుకు నాకే ఆశ్చర్యమేసింది. నర్మద ముందున్న ఫైలు మూసింది.

‘‘వద్దు సార్. ఉన్నదని రాస్తే, రేపు ఇంకెవరో సూడనీకి వస్తరు. మళ్ళ ఆమెనే కూసోబెడ్తరు. మీరు కూడ ఇరుక్కుంటరు’’ అంది.

మర్నాడు రాజీనామా ఇచ్చింది. అందులో కారణం అన్న చోట ‘ఇంటి పని’ అని రాసింది. ఆటగాళ్ళ పట్టిక నుంచి కూడా తన పేరు తీసేయమంది. నేను ఆ కాగితాన్ని రెండు రోజులు సొరుగులో ఉంచాను. మూడో రోజు ఆమే అడిగి తీసుకుని లోపలికి తీసుకెళ్ళింది.

నవంబరులో నేనూ పరాంకుశం గారూ మళ్ళీ ఆ ఊరు వెళ్ళాం. ఆయన ఆ ఇంట్లో తిన్న తిట్టును మరచిపోలేదు కాబట్టి గుమ్మం బయటే కుర్చీ వేయించుకున్నారు. పీట మీద నర్మద కూర్చుని ఉంది. జీతాలు చిన్నమ్మ వైద్యానికే అయిపోయాయట, మిషన్ రాలేదు. చెయ్యి నూలుతో ఒక్కో మేకు దగ్గరికీ వెళ్ళి వస్తోంది. మమ్మల్ని చూసి తల ఊపిందే కానీ పని ఆపలేదు. మగ్గం మీద నుంచి చిన్నాయన ఏదో అడిగితే, ‘‘ఆసు కానీ, ఇస్త’’ అని బదులిచ్చింది. ఇప్పుడు ఆమె క్రీడాకారిణి కాదు, ఉద్యోగిని కాదు, ఎవరూ అడగలేదు, మాట పరాంకుశం గారి చెవిన పడింది. ఆయన సమయం చెప్పారు, నేను రాసుకున్నాను.

నా సంచిలో ఆమెకు ఛైర్మన్ గారి ఉత్తరం కూడా ఉంది. సదరు పదము తిరిగి సజీవముగా ఉన్నట్లు రుజువైనచో ఆమె విజయము చెల్లును గనుక, రాజీనామా ఉపసంహరించుకుని వెంటనే విధుల్లో చేరవచ్చునని రాశారు. చేరితే పీట మీద ఎవరుంటారన్నది అందులో లేదు. నర్మద చెయ్యి ఖాళీ లేక చదివి వినిపించమంది. విని, ‘‘మంచిది సార్’’ అంది. చెయ్యి మాత్రం ఆగలేదు. నేను ఉత్తరం మడిచి పీట పక్కన పెట్టాను.

అండాలమ్మ గడప మీద కూర్చుని ఉంది. జుట్టు తనే ముడేసుకుంది, కాస్త వంకరగా. నన్ను గుర్తుపట్టి చాయ తెచ్చి ఇచ్చింది, కుడిచేత్తోనే. చెయ్యి ఎలా ఉందని అడిగాను.

‘‘నా చెయ్యి మంచిగైంది సార్’’ అని, పీట మీద ఎడమచేత్తో భుజం నొక్కుకుంటున్న నర్మద వైపు చూసింది. ‘‘దాని చెయ్యి మొదలైంది.’’

నేను చాయ గ్లాసు పక్కన పెట్టి, ‘జీవించి ఉంది’ అన్న గడిలో టిక్కు కొట్టాను.